జల్లెడ డప్పు

డింప్నాకి డప్పు చేయిస్తున్నారన్న సంగతి ఊరంతటికీ తెలిశాక, ఆఖరున డింప్నాకి తెలిసింది. రొట్టె కోసం కొట్టుకి వెళ్తే పోస్టాఫీసావిడ పలకరించి, "ఏమ్మా, మీ అత్త నీకు డప్పు చేయిస్తోందటగా, దాని మీద బొమ్మ కూడా వేయిస్తోందటగా" అంది. ఏ డప్పు, ఏ బొమ్మ అని తిరిగి అడగాల్సింది. డింప్నా అడగలేదు. అవునండీ అనేసి రొట్టె చంకలో పెట్టుకుని బయటపడింది. వానలో ఇంటిదాకా తనని తనే తిట్టుకుంటూ నడిచింది.

ఆ పిల్లకి పదిహేనేళ్ళు. మాటలు రాక కాదు. ఆమె నోరు విప్పేలోపు ఇంట్లో ఎవరో ఒకరు ఆమె మాట కూడా తామే మాట్లాడేస్తారు. ఏం తింటావంటే అమ్మ చెబుతుంది, ఏ కోటు వేసుకుంటావంటే అత్త చెబుతుంది, చదువెలా ఉందంటే నాన్న చెబుతాడు. చెప్పాక అందరూ ఆమెవైపు తిరిగి, "అంతేగా?" అంటారు. అప్పుడు డింప్నా "మీ ఇష్టం" అంటుంది. ఆ రెండు మాటలతో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది. మా అమ్మాయి దేనికీ పేచీ పెట్టదని వాళ్ళమ్మ అట్రాక్టా చర్చి గుమ్మంలో నలుగురికీ చెప్పుకుని మురిసిపోతుంది. ఆ మాట విన్నప్పుడల్లా డింప్నాకి చర్చి గోడకి తల కొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక్క డప్పు విషయంలో మాత్రం ఆమెకో ఇష్టం ఉంది. అదెవరికీ చెప్పలేదంతే.

వాళ్ళ ఊరు కిల్‌మోరన్‌లో ఆదివారం పూజ ముగియగానే సగం ఊరు హెహిర్ పబ్బులోకి నడుస్తుంది. మూల బల్ల చుట్టూ వాయించేవాళ్ళు చేరతారు. ఫిడేళ్ళు ఎన్నయినా ఉండొచ్చు, చెక్క ఫ్లూట్లు ఎన్నయినా ఉండొచ్చు. వాళ్ళు బౌరాన్ అని పిలుచుకునే మేకతోలు డప్పు మాత్రం ఒక్కటే ఉండాలి. రెండోది మోగిందా, ఆ బల్లకి పెద్దదిక్కైన ఫిడేలు డీలియా కమాను దించేసి పైకప్పుకేసి చూస్తుంది. ఆమె అలా చూస్తే రెండో డప్పువాడు బయట కారు తాళం వేశానో లేదో చూసుకోవడానికని వెళ్ళి మళ్ళీ రాడు. ఆ ఒక్క డప్పు కుర్చీ కిటికీ కింద ఉంటుంది, పొయ్యి వేడికి తోలు బిగుసుకుపోకుండా.

డింప్నా పుట్టకముందు నుంచీ ఆ కుర్చీ ప్యాకీ తాతది. అట్రాక్టాకి స్వయానా బాబాయి. ఆ చలికాలం తాత మణికట్టు మొరాయించింది. ఒకరోజు మంచి ఊపులో ఉండగా డప్పు వాయించే పుల్ల చేతిలోంచి జారి డీలియా చెప్పు మీద పడింది. డీలియా దాన్ని తీసిచ్చింది, ఒక్క మాటా అనలేదు. అందరినీ కడిగిపారేసే మనిషి ఏమీ అనకపోయేసరికి తాతకి గుచ్చుకుంది. ఆ పూటే కుర్చీ వదిలేస్తానన్నాడు.

వదిలేస్తే ఎవరిదనేదే తగువు. ఫింటన్ అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. పొలాలూ ఇళ్ళూ వేలం వేయడం అతని పని. గొంతూ అంతే, డప్పూ అంతే. బండిచక్రమంత డప్పు భుజాన వేసుకుని తిరుగుతాడు, ఏ పాటకైనా ఒకటే బాదుడు. ఒకసారి అంత్యక్రియల్లో కూడా వాయించాడు. అప్పుడు ఫాదర్ గారు శవపెట్టె మూత వంక అనుమానంగా చూశారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫింటన్‌కి నలభై దాటలేదు, జలుబు కూడా చేయదు. అతను ఒకసారి ఆ కుర్చీలో కూర్చున్నాడంటే డింప్నా ముసలిదయ్యేదాకా లేవడు.

ప్యాకీ తాత డీలియాతో, నా మనవరాలికి ఏడో ఏటినుంచి పశువుల కొట్టంలో నేర్పుతున్నాను, ఒక్కసారి విను అన్నాడు. ఆ పిల్ల మాట్లాడగా కూడా ఎప్పుడూ వినలేదే అని డీలియా. మాట్లాడమనలేదు, వాయించమన్నాను అని తాత. ఆ రోజుల్లో డీలియా ఈస్టర్ ముందు తపస్సుకాలమని సిగరెట్లు మానేసి ఉంది, దేనికైనా చిర్రుమంటోంది. సరే, ఈస్టర్ ముందొచ్చే మట్టల ఆదివారం రమ్మను, సొంత డప్పు తెచ్చుకోమను, నచ్చితే కుర్చీ ఆమెది, నచ్చకపోతే ఫింటన్‌ది, ఇక ఈ గొడవ నా చెవిన వేయకండి అని తేల్చేసింది. తాత డప్పు అరువడిగే వీల్లేదు. అది తనతోపాటు శవపెట్టెలోకి వస్తుందని ఆయన ఎప్పుడో ప్రకటించాడు.

ఈ మాటలన్నీ జరుగుతున్నప్పుడు డింప్నా పక్క బల్ల దగ్గరే ఉంది. ఎవరూ ఆమెని అడగలేదు. కానీ ఆ కుర్చీ మాట వినగానే ఆమె గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, అది కూడా రెండో డప్పు కింద లెక్కేసి డీలియా పైకప్పుకేసి చూస్తుందేమోనని భయపడింది.

*

కొండ అవతల థేడీ అనే ముసలాయన అడిగినవాళ్ళ చేతికీ చెవికీ తగ్గట్టు డప్పులు చేసి ఇస్తాడు. ఒక శనివారం పొద్దున్నే అందరూ కారెక్కారు. నాన్న ఫ్లాన్, అమ్మ, డప్పు తన కానుక కాబట్టి తాను లేకుండా ఎలా అంటూ ఫిలొమీనా అత్త, వెనక కిటికీ పక్కన ఒదిగి డింప్నా. దారి పొడుగునా నాన్న పెద్ద డప్పు కావాలన్నాడు, ఫింటన్‌దానికంటే అంగుళమైనా పెద్దది. అమ్మ తేలికది కావాలంది, పిల్ల భుజాలు నొప్పెడతాయని. అత్త మాత్రం తెల్లటి తోలు అయి తీరాలంది. పబ్బులకి బోర్డులు రాసే ఆయనతో అప్పటికే మాట్లాడేసిందట. తోలు మీద హంస వేస్తాడట, నీళ్ళలో తేలుతూ, మెడ వంచి. నల్లతోలు మీద హంస ఎలా కనబడుతుంది అని కారులో అందరినీ నిలదీసింది. అందరూ ఒప్పుకున్నారు.

థేడీ పనిచేసే చోట సున్నం వాసన, మేక వాసన కలిసి ముక్కు పగలగొడుతున్నాయి. అత్త రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది గాని మాట్లాడడం మానలేదు. గోడకి కొట్టిన మేకులకి పాత జల్లెడ చట్రాలు వేలాడుతున్నాయి. ధాన్యం జల్లించే జల్లెడల్లోంచి అడుగు పీకేసి, ఒక్కోదాని మీద ఒక్కో మేకతోలు బిగించి పెట్టుకున్నాడు థేడీ. అవి అమ్మడానికి కాదు. వచ్చినవాళ్ళు వాటి మోత విని తోలు ఎంచుకుంటే, అదే రకం తోలుతో అసలు డప్పు చేస్తాడు.

ఆయన డింప్నాని పిలిచి ఖాళీ చట్రం ఒకటి చంకలో పెట్టించాడు. ఎడమ చెయ్యి లోపలికి ఎంతదాకా వస్తోందో చూసి చట్రం మీద పెన్సిల్‌తో గీత గీశాడు. తరవాత కిటికీవైపు తిరిగి నిలబడమన్నాడు.

"చూడొద్దు. విను. తోలుని కళ్ళతో ఎంచుకున్నవాళ్ళు మళ్ళీ నా గుమ్మం తొక్కి నా ప్రాణం తీస్తారు."

డింప్నా కిటికీలోంచి వానని చూస్తూ నిలబడింది. వెనక మొదటి తోలు మోగింది, రేకు బాల్చీలో చినుకులు పడ్డట్టు టంగుటంగుమని. రెండోది కాస్త మేలు. మూడోది మోగగానే ఆమె వానని చూడడం మరిచిపోయింది. పొయ్యిలో వేసే పీటుమట్టి గడ్డ తడి నేల మీద పడ్డట్టు మెత్తని మోత, అయినా అరికాళ్ళకి తెలుస్తోంది. పశువుల కొట్టంలో తాత డప్పు మోగినట్టు. నాలుగోదాన్ని ఆమె సరిగా వినలేదు కూడా.

"ఏది?" అన్నాడు థేడీ.

మొదటిదే అంది అత్త, చూడు ఎంత తెల్లగా ఉందో. మొదటిదే గట్టిగా ఉంది అన్నాడు నాన్న, ఫింటన్ నోరు మూయించాలంటే అదే కావాలని. మూడోదాని మధ్యన నల్లచార ఉంది, మరకలా అసహ్యంగా ఉంది అంది అమ్మ. అది ముసలి మేక వెన్నుచార అని థేడీ చెప్పాడు. ముసలి మేకతోలు పిల్లకెందుకు అంది అత్త.

"నేనడిగింది ఈ అమ్మాయిని" అన్నాడు థేడీ. "ఏదమ్మా?"

మూడోది. ఒక్క మాట. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అత్త కళ్ళు మెరిసిపోతున్నాయి, నాన్న తల ఊపుతున్నాడు, అమ్మ ఆమె కాలరు సర్దుతోంది. డింప్నా తన బూట్లకేసి చూసింది.

"మీ ఇష్టం" అంది.

"నా ఇష్టమెందుకు? వాయించేది నేను కాదుగా."

"అత్త చెప్పిందే."

థేడీ భుజాలు ఎగరేసి, మొదటి చట్రాన్ని బల్ల మీద పెట్టాడు. తిరుగు ప్రయాణంలో కారంతా సంబరం. డింప్నా కిటికీ అద్దానికి నుదురు ఆనించుకుని, కొండ దిగేదాకా మనసులో మూడోది, మూడోది, మూడోది అనుకుంటూనే ఉంది. ఎవరికి వినబడాలని?

*

డప్పు వచ్చింది. దాని మీద హంసా వచ్చింది. బోర్డులు రాసే ఆయన గుర్రాలూ గుమ్మటాలూ బాగా వేస్తాడు గాని, పక్షులతో ఆయనకి పెద్దగా పరిచయం లేనట్టుంది. మెడ పొట్టిదైంది, ముక్కు వెడల్పయింది, కళ్ళు పక్కింటివాళ్ళ మీద ఫిర్యాదు చేస్తున్నట్టున్నాయి. అది బాతు. ఇంట్లో అందరూ చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, హంస ఎంత బాగుందో అన్నారు. ప్యాకీ తాత మాత్రం నవ్వు దాచుకోవడానికి దగ్గుకుంటూ పశువుల కొట్టంలోకి పోయి చాలాసేపు రాలేదు.

మోతైతే ఇంకా ఘోరం. పుల్ల తగిలితే చాలు టంగున లేస్తుంది. పైగా రంగు వేసిన మేర మోతే లేదు, అట్టముక్క మీద కొట్టినట్టుంది. డింప్నా ఎడమ అరచేతిని లోపల తోలుకి అదిమిపెట్టి, మోతని కొంచెం కొంచెంగా నొక్కుతూ సాధన చేసింది. తాత పక్కనే బాల్చీ బోర్లించుకుని కూర్చుని, ఇంకా లోపలికి, ఇంకా కిందకి, అక్కడ బాతు పొట్ట తగులుతోంది అని చెప్పేవాడు. కొన్నాళ్ళకి దాన్ని ఎలాగో దారికి తెచ్చుకుంది. రాత్రి తోలు ఎలా ఉంటే పొద్దున అలాగే ఉంటే చాలు, ఆదివారం గట్టెక్కుతుంది.

కానీ పొద్దున అలాగే ఉంటే కదా. ఒకరోజు తోలు నానబెట్టిన రొట్టెలా మెత్తబడిపోయింది. మర్నాడు పుల్ల తగిలితే గ్లాసు పగిలినట్టు మోగింది. ఆ మర్నాడు మధ్యలో మెత్తన, అంచున బిర్రు. డింప్నాకి పిచ్చెక్కినంత పనయింది. వానవల్లనుకుంది, తన చేతివల్లనుకుంది, చివరికి బాతువల్లనుకుంది. డప్పుని వంటింటి అలమారాలోంచి మంచం కిందకీ, మంచం కిందనుంచి మెట్ల పక్కకీ మార్చింది. ఎక్కడ దాచినా అదే తంతు.

మట్టల ఆదివారానికి ముందు రోజు, శనివారం పొద్దున, అందరూ టీ తాగుతుండగా నడవాలోని బట్టల అలమారాలోంచి ఠప్‌మని చప్పుడైంది. వేడినీళ్ళ ట్యాంకుండే అలమారా అది. తడిబట్టలూ దుప్పట్లూ అందులో ఆరతాయి. తలుపు తీసి చూస్తే, దుప్పట్ల మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు డప్పు. బాతు మెడ దగ్గర తోలు అడ్డంగా చిరిగి ఉంది.

అప్పుడు బయటపడ్డాయి సంగతులు. చెమ్మ తగలకూడదని అమ్మ రోజూ డింప్నా నిద్రపోయాక డప్పుని తెచ్చి ఆ అలమారాలో పెడుతోంది, లేవకముందే తీసుకెళ్ళి పెట్టేస్తోంది, ఆ పొద్దున మాత్రం మరిచిపోయింది. తోలు మరీ బిగుస్తోందని నాన్న పొద్దున్నే దానికి నల్ల బీరు పూస్తున్నాడు, వాళ్ళ నాన్న కూడా అలాగే చేసేవాడట. అత్త వచ్చినప్పుడల్లా దాని మీద పవిత్ర జలం చల్లుతోంది, చిన్న సీసా నిండా. ముగ్గురూ ఎవరికివాళ్ళు రహస్యంగా చేశారు. ముగ్గురూ ప్రేమతోనే చేశారు. అదే డింప్నాకి మరీ ఒళ్ళు మండించింది. తిట్టడానికి కూడా వీల్లేకుండా చేశారు.

ముగ్గురూ నడవాలో నిలబడి ఒకరి మీద ఒకరు పడ్డారు. బీరు వల్లే కుళ్ళింది అని అమ్మ. ఎండబెట్టిన చేపలా చేశావు నువ్వే అని నాన్న. పవిత్ర జలం వల్ల తోలు చిరుగుతుందని ఏ ఫాదర్ గారైనా చెప్పారా అని అత్త. ఎటూ తేలక అందరూ డింప్నావైపు తిరిగారు. నువ్వే చెప్పమ్మా, ఎవరి తప్పు?

"మీ ఇ..." అంది డింప్నా. ఆగిపోయింది. ఆ మాటంటే ఒక్కసారిగా వెగటు పుట్టింది.

కోటు తీసుకుని, గోడకి ఆనించిన సైకిలెక్కి, వానలో కొండదారి పట్టింది. ఎక్కడికే, టోపీ పెట్టుకో అని వెనక అమ్మ కేక వినిపించింది. పెట్టుకోలేదు.

*

థేడీ మేక పాలు పితుకుతున్నాడు. డింప్నా సైకిలు పడేసి ఆయన ముందు నిలబడింది. ఆయాసం తగ్గేదాకా ఆగితే ధైర్యం కూడా తగ్గిపోతుందని అలాగే మాట్లాడింది.

"నాకు మూడో తోలు కావాలి. ఆ రోజే కావాలి అనుకున్నాను. చెప్పలేదు."

"తెలుసు" అన్నాడు థేడీ, తల తిప్పకుండా. "అది మోగినప్పుడు నీ మడమ ఆడింది."

డింప్నాకి ఆయన మీద కూడా కోపం ముంచుకొచ్చింది. "తెలిస్తే అదే చేయొచ్చుగా? అంతా నా తరఫున తెలుసుకునేవాళ్ళే, మాట మాత్రం నేనే అనాలా?"

"నువ్వే అనాలి. నీ మడమ మాట విని నేను డప్పు చేస్తే, రేపు నచ్చకపోతే నీ మడమ వచ్చి నాతో పోట్లాడదుగా. మీ అత్త వస్తుంది." పాలచెంబు పక్కన పెట్టి లేచాడు. "సరే. ఇప్పుడన్నావుగా, చేస్తాను. ఈస్టర్ అయ్యాక రా."

రేపే కావాలంది డింప్నా. రేపా అని ఆయన నవ్వాడు. తోలు నానాలి, చట్రం మీద లాగి కొట్టాలి, నీడపట్టున దానంతట అది ఆరాలి, తొందరపెడితే ఏమవుతుందో మీ ఇంట్లో చూశావుగా అన్నాడు. అంతా విని డింప్నా ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది. గోడ మీద, నల్లచార ఉన్న జల్లెడ చట్రం అదే మేకుకి వేలాడుతోంది.

"ఇది ఇవ్వండి."

"అది డప్పు కాదు తల్లీ. వినిపించడానికి పెట్టుకున్నది. పట్టుకోవడానికి అడ్డకర్ర లేదు. మేకులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, చెయ్యి గీరుకుంటుంది."

"గీరుకోనివ్వండి."

థేడీ గడ్డం గోక్కున్నాడు. తరవాత సుత్తి తీసుకుని, గొణుక్కుంటూ, మేకుల తలలు ఒక్కోటీ లోపలికి కొట్టాడు. అంచుకి గోధుమపిండి సంచి గుడ్డ చుట్టి దారంతో బిగించాడు. వానకి తడవకుండా తన పాత గోనెలో చుట్టిచ్చాడు. దీన్ని నేను చేశానని ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది అన్నాడు.

ఇంట్లో గోనె విప్పగానే అత్త కూలబడిపోయింది. "జల్లెడా? రేపు హెహిర్ పబ్బుకి వెళ్ళేది పిండి జల్లించడానికా?" అంది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, మరీ చిన్నదే అన్నాడు. ప్యాకీ తాత మాత్రం చేతిలోకి తీసుకుని వాసన చూశాడు, గోటితో మధ్యలో గీశాడు, చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి తట్టాడు. మా నాన్నది ఇలాంటిదేనని చెప్పాడు. ఏడాదంతా ఓట్స్ ధాన్యం జల్లించి, క్రిస్మస్ మర్నాడు కర్రకి పిట్టని కట్టి ఇంటింటికీ తిరిగే పిట్ట ఊరేగింపుకి అదే చట్రానికి తోలు కొట్టి వాయించేవాడట.

ఆ రాత్రి డింప్నా దాన్ని తన పక్కలో పెట్టుకుని పడుకుంది. అమ్మ తలుపు తీసి తొంగిచూసి, వెనక్కి వెళ్ళిపోయింది.

*

మట్టల ఆదివారం పబ్బు కిక్కిరిసింది. కోట్ల మీద ఆవిరి లేస్తోంది, పూజలో ఇచ్చిన మట్టలు జేబుల్లోంచి తొంగిచూస్తున్నాయి. ఫింటన్ ఊరికే చూడ్డానికొచ్చానని అందరితో చెబుతూ, చక్రమంత డప్పు సంచిని తన కాళ్ళ దగ్గర నిలబెట్టుకున్నాడు. డింప్నా కిటికీ కింద కుర్చీలో కూర్చోగానే ఎవరో పిండి తెచ్చావా అన్నారు. నవ్వులు లేచాయి. చెవులు వేడెక్కాయి. డీలియా ఆ జల్లెడవంక చూసి, కమాను ఎత్తింది.

చిందులేయించే పాట మొదలైంది. డింప్నా ఒక చుట్టు విని, రెండో చుట్టులో ఫిడేలు కిందగా దూరింది. అరచెయ్యి లోపల తోలుకి ఆన్చి, పుల్లని వేళ్ళ మధ్య తిప్పుతూ. మోత పైకి రాలేదు. నేల మీదుగా వెళ్ళి జనాల బూట్లలోకి ఎక్కింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, అక్కర్లేదని మానేశారు. బయటికి పొడుచుకొచ్చిన మేకొకటి థేడీ కంట పడలేదు కాబోలు, ప్రతి తిరుగుడుకీ ఆమె మణికట్టుని గీరుతోంది. పోనీ గీరుకోనీ. మూడు పాటలు అలా గొలుసుగా సాగిపోయాయి. ఫ్లూటాయన కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. తాత గ్లాసు ముట్టుకోలేదు.

ఆ గొలుసు చివర, ఎవరికీ చెప్పకుండా, డీలియా నిదానపాట ఎత్తుకుంది. సముద్రంలో పోయినవాడి కోసం పాడుకునే పాట. ఆట లేదు, తాళం లేదు, ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతుంది. డింప్నా పుల్ల ఒళ్ళో పెట్టి, తోలు మోగకుండా అరచేతితో కప్పింది.

"వాయించమ్మా, భయపడకు" అని నాన్న బల్ల దగ్గరనుంచి గుసగుసగా అన్నాడు. ఆయన గుసగుస గది అవతలికి వినబడుతుంది. అమ్మ గాల్లో చేతులు ఆడించి చూపిస్తోంది, ఇలా, ఇలా అని. చేతులు ఆడట్లేదు పాపం, నే ముందే అనుకున్నాను అని అత్త పక్కావిడతో అంటోంది. డింప్నా తల అడ్డంగా ఊపింది. వాళ్ళు ఇంకా గట్టిగా సైగలు చేశారు. ఈలోపు జిప్పు చప్పుడైంది. ఫింటన్ సంచి విప్పాడు. పిల్లకి ధైర్యం వచ్చేదాకా నేను నెట్టుకొస్తాలే అని పక్కవాళ్ళకి చెప్పి, మోకాలి మీద చక్రం నిలబెట్టి, దుమ్మని ఒకటి వేశాడు.

డీలియా కమాను ఆగలేదు గాని, ఒక స్వరం వణికింది. ఆ వణుకు డింప్నా విన్నది. కారులో మాటలు, అలమారా, బీరు, సీసా, బాతు, ఇన్నాళ్ళ మీ ఇష్టాలు, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"వద్దు" అంది.

పెద్దగా అరవలేదు. కానీ ఆ గదిలో ఎవరూ ఆ గొంతుని అంతకుముందు వినలేదు. ఫింటన్ చెయ్యి గాల్లో నిలిచిపోయింది.

"దీనికి డప్పు వద్దు. నాదీ వద్దు, నీదీ వద్దు. నాన్నా, నేను భయపడట్లేదు. వింటున్నాను."

నాన్న గ్లాసు అందుకున్నాడు. అమ్మ చేతులు దించింది. కిటికీ మీద వాన, పొయ్యిలో పీటుగడ్డ విరిగిన చప్పుడు, వాటి మధ్య ఫిడేలు ఒక్కటే చివరిదాకా వెళ్ళి ఆగింది.

డీలియా కమానుకి గుగ్గిలం రుద్దుకుంటూ, ఎవరినీ చూడకుండా ప్యాకీ తాతతో, "నీ మనవరాలికి నోరుందే" అంది.

"నిన్ననే వచ్చింది" అన్నాడు తాత.

"ఫింటన్, ఆ సంచి తోవలో ఉంది. తలుపు దగ్గర పెట్టు." తరవాత మెడ తిప్పి కిటికీ దగ్గరవాళ్ళతో చిరాగ్గా అంది. "ఆ రెక్క కొంచెం తీయండి. పిల్ల డప్పుతోలు బిగుస్తోంది, మీకెవరికీ వినబడట్లేదా?"

రెక్క తీశారు. తడి గాలి డింప్నా మెడకి తగిలింది. డీలియా అప్పటికే తరవాతి పాట ఎత్తుకుంది.

*

తిరుగు ప్రయాణంలో ప్యాకీ తాత ముందు కూర్చున్నాడు, కారంతా మళ్ళీ మొదలుపెట్టింది. ఇక జల్లెడతో పనిలేదు, కుర్చీ వచ్చేసింది కాబట్టి థేడీ చేత సరైన డప్పు చేయించాలి. ఈసారి పెద్దది, అని నాన్న. చట్రం ఎర్ర రంగు, అని అమ్మ. అంతేగా, డింప్నా?

"అంతే కాదు" అంది డింప్నా. చట్రం చిన్నది, లోతు ఎక్కువ, తన చెయ్యి ఎంతదాకా వస్తుందో థేడీ దగ్గర గీత ఉంది. తోలు ముసలి మేకది, నల్లచార ఉన్నది. రంగు లేదు. అలమారాలో పెట్టకూడదు. బీరు తాగాలంటే నాన్న తాగొచ్చు, డప్పుకి పట్టొద్దు. పవిత్ర జలం తన మీద చల్లొచ్చు, తోలు మీద వద్దు. తనకి ఆ గోధుమరంగు కోటు కూడా ఎప్పుడూ నచ్చలేదు. ఉడకబెట్టిన క్యాబేజీ అంటే కడుపులో తిప్పుతుంది. గేటు దాకా ఆమె ఆగలేదు. అమ్మ పక్కకి తిరిగి ఆమె నుదురు ముట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

కారు ఆగాక అత్త చేతిసంచి మూత నొక్కుతూ, మెల్లగా అంది. "పోనీ చట్రం లోపలివైపు. ఎవరికీ కనబడకుండా. చిన్న హంస..."

"హంసా వద్దు, బాతూ వద్దు, అత్తా."

"బాతెక్కడిదే?" అంది ఫిలొమీనా అత్త.

ముందు సీటులో ప్యాకీ తాత దగ్గడం మొదలుపెట్టాడు.